పట్టభద్రులకే ప్రవేశం: ఒక షరతు చరిత్ర

1910లో కార్నెగీ ఫౌండేషన్ తన నాలుగవ బులెటిన్‌గా వెలువరించిన ‘మెడికల్ ఎడ్యుకేషన్ ఇన్ ది యునైటెడ్ స్టేట్స్ అండ్ కెనడా’ అన్న గ్రంథాన్ని ఈ రోజుల్లో పూర్తిగా చదివేవారు అరుదు. పేరు తలిచేవారు మాత్రం కోకొల్లలు. ‘ఫ్లెక్స్‌నర్ నివేదిక’ అంటే అమెరికాలో వైద్యం చదివిన ప్రతివారికీ తెలుసు. మూడువందల పైచిలుకు పుటల ఈ పుస్తకానికి రెండు భాగాలున్నాయి. మొదటి భాగం వాదన. రెండవది రాష్ట్రాలవారీగా 155 వైద్యకళాశాలల తనిఖీ. జమాబందీకి వచ్చిన కలెక్టరు ఊరూరా లెక్కలు అడిగినట్టు, రచయిత ప్రతిచోటా అవే ప్రశ్నలు అడుగుతాడు. చేరడానికి ఏ చదువు కావాలి? ఆచార్యులెందరు? రాబడి ఎంత? ప్రయోగశాల ఉందా? ఆసుపత్రిలో రోగుల మంచాల దగ్గరకు విద్యార్థులను రానిస్తారా? జవాబులు నాలుగైదు వాక్యాల్లో ముగుస్తాయి. చాలాచోట్ల ఆ నాలుగైదు వాక్యాలే ఆ కళాశాలకు మరణవార్త అయ్యాయి.

ఆ లెక్కల్లో ఒకటి ఇక్కడ ముఖ్యం. 155 కళాశాలల్లో, చేరేముందు కనీసం రెండేళ్ళు కాలేజీ చదువు ఉండాలని అడిగినవి 16 మాత్రమే. తక్కినవాటిలో కొన్ని హైస్కూలు చదువు చాలన్నాయి, అనేకం అదీ అడగలేదు. ఈనాడు అమెరికాలో వైద్యం చదవదలచినవారు ముందు నాలుగేళ్ళు మరేదో ఒక పట్టా చదవాలి, ఆపైన నాలుగేళ్ళు వైద్యం. ఇంటర్మీడియట్ బైపీసీ కాగానే ఎం.బి.బి.ఎస్.లో చేరడం సహజమనుకునే తెలుగువారికి ఈ ఏర్పాటు వింతగా తోస్తుంది. అమెరికన్లకు ఇది సనాతన ధర్మంలా కనిపిస్తుంది గాని, నిజానికి దీని వయసు సుమారు నూటముప్ఫై ఏళ్ళే. దీని పుట్టుక ఏ విద్వత్సభ తీర్మానంలోనూ లేదు. బాల్టిమోర్ నగరంలో, తాను ఏ కాలేజీలోనూ చదవని ఒక స్త్రీ పెట్టిన షరతులో ఉంది.

అంతకు ముందున్న స్థితి తెలిస్తే గాని ఆ షరతు బరువు తెలియదు. పంతొమ్మిదవ శతాబ్దంలో అమెరికన్ వైద్యకళాశాల చాలావరకు ఒక వ్యాపారం. ఊళ్ళోని నలుగురైదుగురు డాక్టర్లు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, పాఠాలు చెప్పి, వచ్చిన రుసుము పంచుకునేవారు. ఎంతమంది చేరితే అంత రాబడి కనుక ఎవరినీ కాదనేవారు కారు. హార్వర్డ్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. నాలుగు నెలల ఉపన్యాసాలు ఒక ఏడాది, మరుసటి ఏడాది మళ్ళీ అవే ఉపన్యాసాలు. చివర తొమ్మిదిమంది ఆచార్యులు ఒక్కొక్కరు కొన్ని నిమిషాల పాటు నోటితో ప్రశ్నలు వేసేవారు. అయిదుగురిని మెప్పిస్తే చాలు, డాక్టరు. తక్కిన నాలుగు విషయాల్లో ఏమీ తెలియకపోయినా అడ్డు లేదు. 1869లో ముప్ఫై అయిదేళ్ళ రసాయనశాస్త్రవేత్త చార్లెస్ ఎలియట్ అధ్యక్షుడై, పరీక్ష రాతపూర్వకంగా ఉండాలన్నప్పుడు, అది కుదరని పని, మన విద్యార్థుల్లో సగానికి పైగా సరిగ్గా రాయలేరు అని వైద్యశాఖ పెద్దలే ఆయనకు చెప్పారట. ఎలియట్ పట్టు వదలక 1871లో మూడేళ్ళ క్రమబద్ధమైన పాఠ్యక్రమం తెచ్చాడు. అయినా పట్టభద్రులనే తీసుకోవాలన్న నియమం హార్వర్డ్‌కు 1901 దాకా రాలేదు. అప్పటికి బాల్టిమోర్‌లో అది వచ్చి ఎనిమిదేళ్ళయింది.

బాల్టిమోర్ వర్తకుడు జాన్స్ హాప్కిన్స్ 1873లో మరణిస్తూ డెబ్భై లక్షల డాలర్లు ఒక విశ్వవిద్యాలయానికీ ఒక ఆసుపత్రికీ రాసిపోయాడు. విశ్వవిద్యాలయం 1876లో, ఆసుపత్రి 1889లో మొదలయ్యాయి. రెంటినీ కలపవలసిన వైద్యకళాశాలకు మాత్రం డబ్బు లేకపోయింది. విశ్వవిద్యాలయం ఆస్తి అంతా బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే వాటాల్లో ఉండటం, 1880ల చివర ఆ రైల్వే లాభాలు పంచడం మానేయడం ఇందుకు కారణం. ఆసుపత్రి కోసం విలియం వెల్చ్, విలియం ఆస్లర్, విలియం హాల్‌స్టెడ్, హోవర్డ్ కెల్లీ వంటి ఉద్దండులను ముందే రప్పించి పెట్టారు. వాళ్ళు చదువు చెప్పడానికి బడి లేదు.

సరిగ్గా ఈ అదనులో రంగంలోకి వచ్చినది మేరీ ఎలిజబెత్ గారెట్. ఆమె తండ్రి జాన్ వర్క్ గారెట్ అదే రైల్వేకు అధ్యక్షుడు. వ్యవహారాల్లో కూతురి చురుకు చూసి, ఇది మగపిల్లవాడైతే ఎంత బాగుండేదని ఆయన అనుకునేవాడని ప్రతీతి. 1884లో ఆయన పోయాక ఆమె చేతికి పెద్ద ఆస్తి వచ్చింది. ఆమెకూ మరి నలుగురు స్నేహితురాళ్ళకూ శుక్రవారం సాయంత్రాలు కలుసుకుని సాహిత్యం మాట్లాడుకునే అలవాటు. ఆ అయిదుగురిలో నలుగురు హాప్కిన్స్ ధర్మకర్తల కుమార్తెలు. వారిలో ఒకరైన కేరీ థామస్‌కు ఆ విశ్వవిద్యాలయం మీద పాత కక్ష ఉంది. పైచదువు కోసం ఆమె అక్కడ చేరితే, మగవాళ్ళతో కలిసి తరగతిలో కూర్చోనివ్వలేదు. ఆమె యూరప్ వెళ్ళి 1882లో జ్యూరిక్‌లో డాక్టరేట్ పుచ్చుకుని తిరిగివచ్చింది. తండ్రి ధర్మకర్తగా ఉన్న సంస్థ గుమ్మంలోనే నిలబెట్టేసిన అవమానం అంత తేలిగ్గా మరపుకు వచ్చేది కాదు.

ఈ మిత్రబృందం దేశమంతటా స్త్రీల సంఘాలు పెట్టి చందాలు పోగు చేసింది. వాషింగ్టన్ సంఘానికి నాటి దేశాధ్యక్షుడి భార్య కేరొలైన్ హారిసన్ అధ్యక్షత వహించింది. 1890 నాటికి లక్ష డాలర్లకు పైగా చేరాయి. అందులో సగానికి దగ్గరగా గారెట్ సొంత సొమ్మే. పురుషులకు ఏ నిబంధనలో స్త్రీలకూ అవే నిబంధనల మీద ప్రవేశం ఇస్తే ఈ డబ్బు మీదేనని ధర్మకర్తలకు చెప్పారు. ధర్మకర్తలు సొమ్ము తీసుకున్నారు, కాని మొత్తం అయిదు లక్షలు సమకూరేదాకా కళాశాల తెరవబోమన్నారు. అడిగిన మొత్తం రాదులే అన్న ధీమా అందులో లేకపోలేదు. 1892 డిసెంబరులో గారెట్ తరువాయి పడ్డ 3,06,977 డాలర్లనూ తానే ఇస్తానని రాసింది. దానితో పాటు కొత్త షరతులూ వచ్చాయి. ఇది నాలుగేళ్ళ చదువై ఉండాలి. చేరేవారు పట్టభద్రులో, తత్సమానులో అయి ఉండాలి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ప్రయోగశాలలో నేర్చి ఉండాలి. ఫ్రెంచి, జర్మన్ భాషలు చదవగలగాలి.

ఆ షరతుల్లోని చమత్కారమేమంటే, అవి ఆమె ఊహించి పెట్టినవి కావు. ఏళ్ళ కిందట వెల్చ్ స్వయంగా తయారుచేసిన ఆదర్శప్రణాళికలో ఉన్నవే. ఎవరూ అమలు చేయరన్న భరోసాతో రాసుకున్న కాగితం అది. ఆమె దాన్ని వెలికి తీసి, మీ మాటే మీకు అప్పజెబుతున్నాను, నిలబెట్టుకోండి అన్నట్టు ముందు పెట్టింది. గ్రంథాలయంలో బల్ల ముందు కూర్చుని ఆకాశహర్మ్యాలు కట్టడం ఒక ఎత్తు, అవి నిజంగా కళ్ళెదుట లేచి నిలబడితే ఎదుర్కోవడం మరొక ఎత్తు అన్న అర్థంలో వెల్చ్ తరువాత చెప్పుకున్నాడు. పట్టభద్రులే రావాలంటే ఈ దేశంలో వచ్చేదెవరని అధ్యక్షుడు గిల్‌మన్ మొదలు అందరికీ భయం. మనం ఆచార్యులుగా దూరాం గనుక సరిపోయింది, విద్యార్థులుగానైతే మనకు సీటు దొరికేది కాదు అని ఆస్లర్ వెల్చ్‌తో హాస్యమాడాడని చెబుతారు. వెల్చ్, హాల్‌స్టెడ్ యేల్‌లో పట్టా పుచ్చుకున్నాకే వైద్యం చదివినవారు. కెల్లీదీ అదే దారి, పెన్సిల్వేనియాలో. ఆ నలుగురిలో మొదటి పట్టా లేనిది ఒక్క ఆస్లర్‌కే. టొరాంటోలో మతాచార్యుడు కావాలని మొదలుపెట్టిన చదువు మధ్యలో మాని మెక్‌గిల్‌లో వైద్యుడయ్యాడు. ఆయన హాస్యంలో సగం నిజం ఉన్నదన్న మాట.

గారెట్ ఇంత పట్టు పట్టడానికి కారణం విద్యాభిమానం ఒక్కటే అనుకుంటే పొరబాటు. అప్పట్లో స్త్రీలకు తలుపు తెరవడమంటే, ఆడవాళ్ళ కోసం ప్రమాణం తగ్గించారన్న మాట వెంటనే పుట్టేది. ప్రమాణాన్ని దేశంలో ఎక్కడా లేనంత ఎత్తున నిలిపి, ఆ ఎత్తున స్త్రీలను నిలబెడితే ఆ నోరు మూతపడుతుంది. స్మిత్, వాసర్, బ్రిన్ మార్ కళాశాలల్లో స్త్రీలు బి.ఏ.లు పుచ్చుకుంటున్న కాలమది. పట్టభద్రత్వం వారికి అడ్డుగోడ కాదు, చేతిలో పత్రం. ఈ సంగతి మరిచిపోతే తరువాతి చరిత్ర అర్థం కాదు: మినహాయించబడిన ఒక వర్గం తనను తాను రుజువు చేసుకోవడానికి నిలబెట్టిన కొలబద్ద ఇది.

1893 అక్టోబరులో మొదటి తరగతి మొదలైంది. 18 మంది విద్యార్థులు, వారిలో ముగ్గురు స్త్రీలు. భయపడినట్టు బడి ఖాళీగా మిగల్లేదు, ఏటేటా పెరిగింది. 1896లో చేరిన ఫ్లోరెన్స్ సేబిన్ స్మిత్ కళాశాల పట్టభద్రురాలు. చదువు ముగియగానే వైద్యంలో చేరడానికి చేతిలో డబ్బు లేక, మూడేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి కూడబెట్టుకుని వచ్చింది. తరువాత శోషరస నాళాల పుట్టుక మీద పరిశోధించి, 1917లో ఆ కళాశాలలో పూర్తిస్థాయి ఆచార్య పదవి పొందిన మొదటి స్త్రీ అయింది. ఆమె కూడబెట్టుకోవలసి వచ్చిన ఆ మూడేళ్ళను గుర్తుంచుకోవాలి. కొత్త నియమం వెల ఏమిటో చెప్పే తొలి సాక్ష్యాల్లో అదొకటి. అదే కాలంలో చేరి, నాలుగేళ్ళు చదివి, విసుగుపుట్టి పట్టా లేకుండానే 1901లో వెళ్ళిపోయిన మరొక విద్యార్థిని గెర్ట్రూడ్ స్టైన్. వైద్యం ఆమెను పోగొట్టుకున్నందుకు సాహిత్యపాఠకులెవరూ చింతించనక్కరలేదు.

ఆ నలుగురు ఆచార్యులనూ ఒకచోట చేర్చి జాన్ సింగర్ సార్జెంట్ వేసిన నిలువెత్తు చిత్రం హాప్కిన్స్ వైద్యగ్రంథాలయంలో ఉంది. ఆ చిత్రాన్ని డబ్బిచ్చి వేయించినది కూడా గారెటే. చిత్రంలో ఆమె లేదు.

ఫ్లెక్స్‌నర్ గ్రంథానికి హాప్కిన్సే కొలబద్ద. అబ్రహాం ఫ్లెక్స్‌నర్ డాక్టరు కాడు, బడిపంతులు. కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్‌లో ఒక యూదు వ్యాపారి తొమ్మిదిమంది సంతానంలో ఒకడు. మందుల దుకాణం నడిపే అన్న డబ్బు సర్దితే హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి రెండేళ్ళలోనే 1886లో బి.ఏ. ముగించాడు. తిరిగి వచ్చి సొంత బడి పెట్టాడు. 1908లో అమెరికన్ కళాశాలలను విమర్శిస్తూ అతడు రాసిన పుస్తకం చూసి కార్నెగీ ఫౌండేషన్ అధ్యక్షుడు హెన్రీ ప్రిచెట్ పిలిపించి వైద్యకళాశాలల సర్వే అప్పగించాడు. మీరు మా అన్న సైమన్ అనుకుని నన్ను పిలిచారేమో అన్నాడట ఇతడు. వైద్యుడు కానివాడే కావాలన్నాడట ప్రిచెట్. 1909 మొదలుకొని ఏడాదికి పైగా రైళ్ళలో తిరిగాడు. కార్నెగీ మనిషి అంటే డబ్బు ఇవ్వడానికి వచ్చాడనుకుని చాలామంది తలుపులు బార్లా తెరిచారు. అయోవా రాష్ట్రం డెమోయిన్‌లో ఒకచోట గదుల తలుపుల మీద ‘శరీరనిర్మాణం’, ‘రోగవిజ్ఞానం’ అని పేర్లున్నాయి గాని అన్నింటికీ తాళాలే. ఊరు విడిచి వెళ్ళినట్టు నటించి, వెనక్కి వచ్చి, కాపలాదారు చేతిలో అయిదు డాలర్లు పెట్టి తెరిపిస్తే, ప్రతి గదిలోనూ ఒక బల్ల, నల్లబల్ల, కుర్చీలు తప్ప మరేమీ లేవు. తన ఆత్మకథలో దీన్ని అతడు ఎంతో ఉల్లాసంగా చెబుతాడు.

అతడు కనీసమన్నది పూర్తి పట్టా కూడా కాదు, రెండేళ్ళ కాలేజీ చదువు. కళాశాలల సంఖ్య అమెరికాలో 31కి తగ్గాలన్నాడు. ఈ దేశంలో 568 మందికి ఒక డాక్టరు ఉన్నాడు, జర్మనీలో సుమారు 2,000 మందికి ఒకడితో సరిపెట్టుకుంటున్నారు, కనుక డాక్టర్లు తగ్గితే నష్టం లేదు, మంచివారు చాలు అన్నది అతని లెక్క. పేద కుర్రవాడికి దారి మూసేస్తున్నారన్న ఆక్షేపణ అప్పుడే వచ్చింది. దానికి అతని జవాబు నిర్మొహమాటంగా ఉంటుంది. పేద కుర్రవాడి పేరు చెప్పుకుని బతుకుతున్నది పేద కుర్రవాడు కాదు, చచ్చు కళాశాల అని అతని భావం. వైద్యం రోగి కోసం గాని వైద్యుడు కాదలచినవాడి కోసం కాదన్నది అతని మూలసూత్రం.

ఈ వాదానికి ఎదురు చెప్పడం కష్టం. కాని అతని ఇంట్లోనే ఒక ఎదురుసాక్ష్యం ఉన్నది. అన్న సైమన్ ఫ్లెక్స్‌నర్‌కు బి.ఏ. లేదు. మందుల దుకాణంలో పనిచేస్తూ, లూయీవిల్‌లోని అలాంటి ఒక నాసి వైద్యకళాశాలలోనే 1889లో పట్టా పుచ్చుకున్నాడు. ఆ పట్టాతోనే బాల్టిమోర్ వెళ్ళి వెల్చ్ దగ్గర రోగవిజ్ఞానం నేర్చాడు. రాక్‌ఫెల్లర్ వైద్యపరిశోధన సంస్థకు మొదటి సంచాలకుడై దేశంలోకెల్లా పేరెన్నికగన్న శాస్త్రజ్ఞుల్లో ఒకడయ్యాడు. తమ్ముడి నియమం ఇరవై ఏళ్ళు ముందు అమలైతే అన్నకు వైద్యంలో చోటు ఉండేది కాదు. 1925లో ఫ్లోరెన్స్ సేబిన్‌ను ఆ సంస్థకు ఆహ్వానించి సభ్యత్వమిచ్చినది ఈ సైమనే. కొలబద్ద పుట్టించిన గొప్ప శాస్త్రజ్ఞురాలూ, కొలబద్దకు అందని గొప్ప శాస్త్రజ్ఞుడూ ఒకే కప్పు కింద పనిచేశారు.

నివేదిక వెలువడ్డాక కళాశాలలు రాలిపోయాయి. 1904లో 160 ఉన్నవి 1920కి 85, 1935కి 66 అయ్యాయి. పాపపుణ్యాలన్నీ ఫ్లెక్స్‌నర్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఒత్తిడితో ఆ క్షయం అతడు బయలుదేరక ముందే మొదలైంది. అతడు దానికి భాషనూ, రాక్‌ఫెల్లర్ ధనాన్నీ సమకూర్చాడు. మూతపడ్డవాటిలో అధికభాగం మూతపడవలసినవే. అద్దె ఇంట్లో నాలుగు కుర్చీలు వేసి డాక్టర్లను తయారుచేసే చోట్ల నుంచి రోగులను కాపాడిన పుస్తకం ఇది. ఆ మేలు చిన్నది కాదు.

అయితే పదునాల్గవ అధ్యాయం చదవడం కష్టం. నల్లజాతివారి వైద్యవిద్య గురించి రెండు మూడు పుటల్లో ముగించిన అధ్యాయమది. అప్పటికి వారికి ఏడు కళాశాలలు ఉండేవి. వాషింగ్టన్‌లోని హోవర్డ్, నాష్‌విల్‌లోని మెహారీ తప్ప తక్కిన అయిదూ నిలబెట్టదగ్గవి కావని తేల్చాడు. నల్లజాతి వైద్యుడు ప్రధానంగా తనవారి పారిశుధ్యం చూసుకోవాలనీ, వారి రోగాలు తెల్లవారికి అంటుకోగలవు కనుకనైనా అది అవసరమనీ అతని తర్కం. 1923 కల్లా ఆ అయిదూ పోయాయి. అవి నిలిచి ఉంటే 2019 నాటికి 35 వేలకు పైగా నల్లజాతి వైద్యులు అదనంగా తయారై ఉండేవారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అదే ఏడాది అమెరికన్ వైద్యకళాశాలల సంఘం తన పురస్కారం నుంచి ఫ్లెక్స్‌నర్ పేరు తొలగించింది. స్త్రీల విషయంలోనూ గారెట్ కోరుకున్నది జరగలేదు. సహవిద్య వచ్చిందన్న పేరుతో స్త్రీల కళాశాలలు మూతపడ్డాయి, సహవిద్య ఇచ్చినచోట సీట్లు గుప్పెడు. 1886లో మన ఆనందీబాయి జోషి పట్టా పుచ్చుకున్న ఫిలడెల్ఫియా కళాశాల వంటిది ఒకటి మిగలడమే విశేషం. మెట్టు ఎత్తుగా ఉన్నప్పుడు, దానికి ముందు మరొక మెట్టు ఎక్కగల స్తోమత ఎవరికి ఉన్నదన్న ప్రశ్న వస్తుంది. బల్ల దగ్గర కూర్చున్న తనిఖీదారు ఆ ప్రశ్న తన పట్టికలో చేర్చలేదు.

ఈ చరిత్రకు తెలుగుదేశంతో ఉన్న సంబంధం చాలామంది అనుకునేదాని కంటె దగ్గరిది. రెండు పట్టాల వైద్యులు మనకూ ఉండేవారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. ముగించి ఆ తరువాత ఎం.బి.సి.ఎం. చదివి బందరులో వైద్యం చేశారు. ఆయన స్థాపించిన ఆంధ్రా బ్యాంకూ, రాసిన కాంగ్రెసు చరిత్రా గుర్తున్నంతగా ఆయన డాక్టరన్న సంగతి లోకానికి గుర్తు లేదు. ఆచంట లక్ష్మీపతి గారి పేరు వెనకా బి.ఏ., ఎం.బి.సి.ఎం. రెండూ ఉండేవి. పాశ్చాత్య వైద్యం నేర్చి కూడా ఆయన ఆయుర్వేదం వైపు తిరిగారు. మొదటి పట్టా వైద్యుణ్ణి ఏం చేస్తుందన్న ప్రశ్నకు ఈ ఇద్దరి జీవితాలూ ఒక రకం జవాబు: వీరికి ఆసుపత్రి గోడల బయట కూడా ఒక దేశం కనిపించింది. ఇది మొదటి పట్టా ఫలమా, ఆ తరం ఫలమా అని విడదీయడం సాధ్యం కాదు.

లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం చెప్పిన యువకుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషను గదిలోకి వెళ్ళినందుకు తెల్ల ఆచార్యుడికి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. రావలసినవాడికి తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. దక్కిన కథ తెలుగువారందరికీ తెలిసినదే. ఆ పట్టాతో ఆయన 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చి పదమూడేళ్ళు, హార్వర్డ్‌లో పట్టభద్రుల నియమం వచ్చి ఇరవై రెండేళ్ళు అయిన అమెరికా అది. ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా వచ్చింది గాని, డాక్టరుగా పనిచేసే వీలు దొరకలేదు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టరు పని చేసి పొట్ట పోసుకున్నారు. చివరకు జీవరసాయనశాస్త్రంలో 1930లో పిహెచ్.డి. పుచ్చుకున్నారు. రోగి మంచం దగ్గరకు పోనివ్వని తలుపు ఆయన్ను ప్రయోగశాలకు తోసింది. ఆ తోపు వల్ల లోకానికి ఎంత మేలు జరిగిందో చెప్పి, ఆ తలుపు మంచిదేనని సమర్థించేవారున్నారు. అది కుదరదు. ఒకరు సుబ్బారావు కాగలిగినందుకు, కాలేక తిరిగిపోయినవారి లెక్క చెల్లిపోదు.

రెండవ ముడి ఇంకా గట్టిది. 1943లో నియమించిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక స్వతంత్రభారత వైద్యవ్యవస్థకు పునాది. దాని విదేశీ సలహాదారుల్లో ఒకరు హెన్రీ సిగరిస్ట్. ఈయన హాప్కిన్స్‌లో వైద్యచరిత్ర ఆచార్యుడు, వైద్యంలోకి రాకముందు ప్రాచ్యభాషలు చదివినవాడు, 1944లో ఇండియా వచ్చి చూశాడు. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో నమోదైన డాక్టర్లు 47,524 మంది. వారిలో పట్టభద్రులు 17,654, తక్కిన 29,870 మంది లైసెన్షియేట్లు, అంటే మన పల్లెలు ‘ఎల్.ఎం.పి. డాక్టరు గారు’ అని పిలుచుకున్నవారు. దేశమంతటికీ ఒకే ప్రమాణం, ఒకే పట్టా ఉండాలనీ, లైసెన్షియేటు చదువు ఆపేయాలనీ కమిటీలో అధికసంఖ్యాకులు సిఫారసు చేశారు. కొందరు సభ్యులు విభేదించారు. డాక్టర్లు చాలని దేశంలో ఉన్నదాన్ని ఎందుకు మూయాలన్నది వారి బాధ. ఫ్లెక్స్‌నర్ వాదించినప్పుడు అతని ముందు 568 మందికి ఒక డాక్టరున్న దేశం ఉంది. భోర్ కమిటీ ముందున్నది ఆరువేల పైచిలుకు జనానికి ఒక డాక్టరున్న దేశం. ప్రమాణం ఒకటే కావచ్చు, లెక్క ఒకటి కాదు. లైసెన్షియేటు బడులు పోయాయి. ఆ డాక్టర్లు ముసలివారై వెళ్ళిపోయాక అనేక గ్రామాల్లో ఆ కుర్చీలో కూర్చున్నది పట్టభద్రుడు కాదు, సూదిమందు నేర్చిన ఆర్.ఎం.పి.

ఇక ఈ కథలోని అతి పెద్ద వైరుధ్యం 1965 తరువాతిది. ఆ ఏడాదే అమెరికా వలస చట్టాన్ని మార్చింది, వృద్ధులకు మెడికేర్ పెట్టింది. డాక్టర్లు చాలలేదు. పట్టా మీద పట్టా అంటూ తన పిల్లలను ఎనిమిదేళ్ళు కూర్చోబెట్టే దేశం, గుంటూరు నుంచీ, వరంగల్ నుంచీ, విశాఖ నుంచీ అయిదున్నరేళ్ళ ఎం.బి.బి.ఎస్.తో వచ్చినవారిని పరీక్ష పెట్టి, రెసిడెన్సీ చేయించి, ఆసుపత్రుల్లో నియమించుకుంది. ఈనాడు ఆ దేశంలోని వైద్యుల్లో దాదాపు నాలుగోవంతు విదేశాల్లో చదివినవారే. వీరిలో భారతీయులకు మొదటి పట్టా లేదు. లేనందువల్ల రోగులకు నష్టం జరిగిందని ఎవరూ రుజువు చేయలేదు. 1893లో వెల్చ్, ఆస్లర్ భయపడ్డ ప్రశ్న, ఆ మొదటి పట్టా నిజంగా అవసరమా అన్నది, ఇంత పెద్ద ఎత్తున పరీక్షకు వచ్చిన సందర్భం మరొకటి లేదు. ఫలితాన్ని మాత్రం ఎవరూ చదివినట్టు లేదు. మిస్సోరి విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీలో 1971లో హైస్కూలు నుంచి నేరుగా ఆరేళ్ళ వైద్యం ప్రవేశపెట్టింది. అలాంటివి ఇంకా కొన్ని పుట్టాయి గాని, అవి మినహాయింపులుగానే మిగిలాయి. కొన్ని కళాశాలల నిబంధనల్లో మూడేళ్ళ చదువు చాలునని నేటికీ ఉన్నా, చేరేవారు దాదాపు అందరూ పట్టభద్రులే. ఇరవై మూడేళ్ళకు డాక్టరైన తెలుగు తండ్రి, అదే వయసులో ఇంకా వైద్యకళాశాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్న కూతుర్ని చూసి ఆశ్చర్యపోవడం అమెరికాలోని తెలుగు ఇళ్ళలో మామూలు దృశ్యం.

గారెట్ కోరిన మొదటి పట్టాకు ఒక పని ఉండేది. జర్మన్ రాకపోతే ఆ నాటి వైద్యశాస్త్రం చదవలేరు, ప్రయోగశాల ఎరగనివాడికి వెల్చ్ పాఠం అర్థం కాదు. ఆ పని ఏనాడో తీరిపోయింది, ఖర్చు మాత్రం మిగిలింది. అప్పు చేసి చదివే అమెరికన్ వైద్యవిద్యార్థి పట్టా పుచ్చుకునే నాటికి నెత్తిన సుమారు రెండు లక్షల డాలర్ల అప్పు ఉంటుంది. 2018లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వైద్యవిద్యార్థుల రుసుము రద్దు చేసింది. 2024లో రూత్ గాట్స్‌మన్ అనే విశ్రాంత ఆచార్యురాలు వంద కోట్ల డాలర్లిచ్చి బ్రాంక్స్‌లోని ఐన్‌స్టైన్ వైద్యకళాశాలలో అదే పని చేయించింది, కళాశాల పేరు మార్చకూడదన్న షరతు పెట్టింది. అదే ఏడాది మైకేల్ బ్లూంబర్గ్ దానంతో హాప్కిన్స్‌లో, మూడు లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్న కుటుంబాల పిల్లలకు వైద్యవిద్య రుసుము పోయింది. ఈ మూడు దానాలూ రెండవ పట్టాకే. మొదటి నాలుగేళ్ళ రుసుము ఎప్పటిలాగే ఉంది.